తువ్వాల కింద చెయ్యి

కూరలు కొన్నాక గుప్పెడు కరివేపాకు ఊరికే వేయించుకోకుండా నేను ఇంటికొస్తే, ఒంట్లో బాగోలేదేమోనని మా వాళ్ళు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. ఆటో ఎక్కే ముందు ఒక బేరం, దిగాక చిల్లర దగ్గర ఇంకో చిన్న బేరం. విజయనగరంలో నేను వెళ్ళే చీరల కొట్టులో నన్ను చూడగానే పాత సేల్స్‌మన్ లోపలికెళ్ళిపోయి కొత్తగా చేరినవాణ్ణి పంపిస్తాడు, పని త్వరగా వస్తుందని. ఇవన్నీ స్టాఫ్ రూమ్‌లో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఈ ఏడాది నుంచి తగ్గించాను.

మా నాన్నది కిరాణా కొట్టు. గజపతినగరానికి అవతల ఒక సంత ఊళ్ళో, పశువుల సంతకి సరిగ్గా ఎదురుగా ఉండేది. సంత రోజున బెల్లం దిమ్మలు, చింతపండు బుట్టలు వెనక్కి జరిగి గొడ్లని కట్టే పలుపులు, ముకుతాళ్ళు, మువ్వల పట్టెడలు ముందుకొచ్చేవి. నేను గల్లాపెట్టె పక్కన పీటేసుకుని కూచుని రోడ్డవతల బేరాలు చూసేదాన్ని. నాకు అదే సినిమా.

పశువుల బేరం నోటితో ఆడరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, దళారి పైన తువ్వాల కప్పి తన చెయ్యి కూడా లోపల పెడతాడు. ఆ కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఎంతమంది మూగినా ఒక్కడికీ అంతు చిక్కదు. కుదిరితే దళారి తువ్వాల దులిపి భుజాన వేసుకుని ధర గట్టిగా పలుకుతాడు. పలికాక మారదు. కుదరకపోతే, అమ్మేవాడు అవతలివాడి వేళ్ళన్నీ మడిచేసి గుప్పిట కట్టి వదిలేస్తాడు. మా సంతలో దానికి ఒకటే అర్థం, సరుకు అమ్మకానికి లేదని.

"తువ్వాల కింద ఏం జరుగుతోందో ఎద్దుకి తెలుస్తుందా నాన్నా?" అని ఒకసారి అడిగాను.

మా నాన్న అల్లం తూస్తున్నాడు. తక్కెడ ముల్లు మీంచి చూపు తియ్యకుండా, "ఎద్దుకి తెలిస్తే మనం పలుపులు ఎవడికమ్ముతామే?" అన్నాడు.

ఆ జవాబు నాకెంత నచ్చిందంటే, పెళ్ళయ్యాక మా అత్తవారింట్లో కూడా చెప్పి నవ్వించాను.

అలాంటి ఇంట్లో పుట్టి నేను సోషల్ టీచర్నయ్యాను. లెక్కల టీచరయితే మా వీధివాళ్ళకి అర్థమయ్యేది. రాజుల కథలు చెప్పినందుకు జీతమిస్తారా అని మా పెదనాన్న చాలా కాలం నమ్మలేదు. ఇప్పుడు పనిచేసే హైస్కూలు మా పుట్టిన ఊరికి పెద్ద దూరం కాదు. తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం పాఠం ఉంటుంది. అందులో బానిసత్వం గురించి ఒక పేజీ. మనుషులందరికీ హక్కులున్నాయని రాసిన సభ, ఆ హక్కులు సముద్రాల అవతల తోటల్లో పనిచేసే బానిసలకి కూడా ఉంటాయా ఉండవా అని చాలా కాలం వాదించుకుందట. వర్తకులకి కోపమొస్తుందని భయపడి చట్టం చెయ్యకుండా నాన్చిందట. వర్తకుల బిడ్డని కదా, ఏటా ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి నా గొంతుకి ఎక్కడ లేని వేగం వచ్చేది. పిల్లలు పట్టించుకునేవాళ్ళు కాదు. సగం మంది కిటికీలోంచి మధ్యాహ్న భోజనం గిన్నెల వైపు చూసేవాళ్ళు.

పోయిన ఏడాది ఆ పాఠం ముందురోజు, పిల్లలకి వాదన అంటే ఏమిటో కళ్ళకి కట్టాలని ఫోన్లో వెతుకుతుంటే అమెరికా సంగతి కనపడింది. అక్కడ రాజ్యాంగం రాసుకునేటప్పుడు, ఏ రాష్ట్రంలో జనం ఎక్కువుంటే ఆ రాష్ట్రానికి చట్టసభలో సీట్లు ఎక్కువ అనుకున్నారు. బానిసల్ని పెట్టుకున్న దక్షిణాదివాళ్ళు, మా బానిసల్ని కూడా జనంలో లెక్కెయ్యండి అన్నారు. ఉత్తరాదివాళ్ళు, వాళ్ళు మీ ఆస్తి అంటారు కదా, ఆస్తిని మనుషుల్లో ఎలా లెక్కేస్తాం అన్నారు. ఓటు మాత్రం వాళ్ళకిస్తామని ఇద్దరూ అనలేదు. చివరికి ఐదుగురు బానిసల్ని ముగ్గురు మనుషులుగా లెక్కేసేలా ఒప్పందానికొచ్చారు.

అది చదివి నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. ఒకడు ఐదనడం, ఇంకొకడు సున్నా అనడం, మూడు దగ్గర తెగడం. ఇది మా సంత. వెంటనే ఎర్ర గళ్ళ తువ్వాల ఒకటి బ్యాగులో పెట్టుకున్నాను.

మర్నాడు తరగతిలో ముందు బెంచీ కుర్రాళ్ళిద్దరిని పిలిచి ఒకణ్ణి ఉత్తరం చేశాను, ఒకణ్ణి దక్షిణం చేశాను. నేనే దళారిని. వేళ్ళ బాస అంతా నేర్పాను, గుప్పిట కట్టడంతో సహా. "ఇంక సరుకు కావాలి. ఐదుగురు రండర్రా," అని వెనక బెంచీ వైపు చెయ్యి చూపించాను.

నా చెయ్యి అటే ఎందుకు వెళ్ళిందని తరవాత చాలాసార్లు అనుకున్నాను. ఆ బెంచీలో కూచునే ఆడపిల్లలు ఊరి చివర కాలనీ నుంచి వస్తారు. వాళ్ళ తాతలు కంబార్లు, అంటే ఏడాది పొడుగునా ఒక కామందు ఇంట్లో గొడ్డూ గోదా చూసుకుంటూ పడుండే పాలేర్లు. ఆ కామందుల మనవలే ముందు బెంచీల్లో ఉన్నారు. ఇది నాకు తెలీని సంగతి కాదు. ఆ క్షణంలో గుర్తుందా అంటే లేదు. కానీ గల్లా దగ్గర పెరిగినవాళ్ళకి, ఏ వస్తువు కదిపితే ఎవరూ అడగరో చూడకుండానే చేతికి తెలుస్తుంది.

బేరం భలే రక్తి కట్టింది. కుర్రాళ్ళు ముఖాలు చిట్లించి, తలలు ఎగరేసి, సంతలో చూసిందంతా చేశారు. నేను తువ్వాల దులిపి, "మూడు," అని పలికాను. తరగతి గొల్లుమంది. "ఐదుగురిలో ఇద్దరు లెక్కలో లేరు. మీరిద్దరూ పోయి కూచోండే," అన్నాను. చివరన నిలబడ్డ ఇద్దరూ వెళ్ళి కూచున్నారు. ఇంకా నవ్వారు అందరూ.

ఆ ఇద్దరిలో ఒక పిల్లకి చున్నీ కొస పళ్ళ మధ్య పెట్టుకుని ఆలోచించే అలవాటు. చున్నీ నోట్లోంచి తీసిందంటే ప్రశ్న వస్తుందని లెక్క. తీసింది.

"టీచర్, ఐదూ లెక్కెట్టమన్నోళ్లు మంచోళ్లా?"

"కాదు. బానిసల యజమానులే వాళ్ళు. సీట్ల కోసం అడిగారు."

"మరైతే సున్నా అన్నోళ్లు మంచోళ్లా?"

"వాళ్ళలో బానిసత్వం వద్దనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఇక్కడ వాళ్ళ గొడవ కూడా సీట్లే."

"మరి ఆ నిలబడ్డోళ్లని ఎవులూ అడగనేదా?"

"బేరంలో వాళ్ళెక్కడున్నారే? ముగ్గురం కదా తువ్వాల కింద," అన్నాను. మళ్ళీ నవ్వులు. బెల్లు కొట్టారు. మంచి జవాబు చెప్పానని నేను కూడా నవ్వాను.

గుమ్మం బయట మా హెడ్మాస్టరు ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతా వీడియో తీశారు. సాయంత్రానికి అది జిల్లా టీచర్ల గ్రూపులో తిరిగింది. చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. మూడో రోజుకి విజయనగరంలో జరిగే జిల్లా స్కూళ్ళ ప్రదర్శన పోటీలో ఇదే చేసి చూపించమని పిలుపొచ్చింది. పాతికేళ్ళుగా చెప్తున్నా నన్ను ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. ఆ రాత్రి మా ఆయన కరివేపాకు గురించి అడిగితే, మర్చిపోయానన్నాను.

రిహార్సల్‌కి ఆ ఐదుగురిలో నలుగురే వచ్చారు. చున్నీ పిల్ల రాలేదు. వెతికితే పంపు దగ్గర కంచం కడుగుతోంది.

"ఏమే, రాలేదేం?"

"నాను రాను టీచర్."

"ఏం?"

"నిలబడి ఎల్లిపోడానికి నానెందుకు?"

బేరంలో మొదటి మాట విని కంగారు పడకూడదు. నేను పడలేదు. ముందు పొగిడాను, నీ అంత చక్కగా నిలబడేవాళ్ళు లేరన్నాను. నిలబడడంలో చక్కదనమేమిటని దాని ముఖంలోనే ఉంది. తరవాత విజయనగరం కోట చూపిస్తానన్నాను. చూశానంది. మధ్యాహ్నం బిరియానీ అన్నాను. కంచం బోర్లించి నీళ్ళు దులిపింది.

"నీకేం కావాలో నువ్వే చెప్పు," అన్నాను. ఇది కూడా మా నాన్న పద్ధతే. కొనేవాడి నోటితో ముందు పలికించాలి.

చున్నీ నోట్లోంచి తీసింది. "నాను మాటాడతాను టీచర్. ఐదుగురిలో ఒకర్తినాగ. మా తాత కంబారి. ఒక కామందు కాడ నుంచి ఇంకో కామందు కాడికి మార్సినప్పుడు, ఈది అరుగు మీద ఆళ్లిద్దరూ మాటాడుకున్నారంట. తాత గొడ్ల సాలలో పేడ తీస్తన్నాడంట. రేపట్నుంచి అటెల్లు అన్నారంట, అంతే. ఎవులూ అడగనేదంట. అది సెప్తాను. మా నాయినమ్మకి కూడా సెప్పినాను, నాను అక్కడ సెప్తానని."

ఎంత సబబైన ధర. పైసా ఎక్కువ అడగలేదు ఆ పిల్ల. అయినా విన్న ధరకి ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. పైగా న్యాయనిర్ణేతలు ఏమనుకుంటారోనని భయం. అమెరికా దూరం కాబట్టి అందరూ చప్పట్లు కొడతారు. కామందు, సాల, పేడ అంటే హాల్లో సగం మంది కుర్చీల్లో సర్దుకుంటారు. ముందు బెంచీ కుర్రాళ్ళ ఇళ్ళ నుంచి ఎవరైనా వస్తే.

"అది పాఠంలో లేదు కదమ్మా," అన్నాను.

"తువ్వాల కూడా నేదు టీచర్."

ఇంక మిగిలింది ఆఖరి ఎత్తు. "సరే, నీ ఇష్టం. ఇంకో పిల్లని పెట్టుకుంటాను," అని వెనక్కి తిరిగి నడిచాను. కొట్టు మెట్లు దిగుతున్నట్టు నటిస్తే వెనక నుంచి పిలుస్తారు. చీరల కొట్టులో ఎప్పుడూ తప్పలేదు. ఇక్కడా తప్పలేదు.

"టీచర్, వస్తాను. మరి సెప్పనిస్తారా?"

"చివర్లో టైముంటే చెప్దువు గాని."

ముఖం వెలిగిపోయింది. టైము ఉంచేదీ ఉంచనిదీ నేనేనని నాకు తెలుసు. పద్నాలుగేళ్ళ పిల్ల దగ్గర నేను గెలిచిన బేరం అది. ఆ సాయంత్రం తేలిగ్గా ఇంటికెళ్ళాను, అదే ఇప్పుడు తల్చుకోలేను.

విజయనగరంలో ప్రదర్శన ఒక కాలేజీ హాల్లో పెట్టారు. అగ్గిపుల్లలతో చేసిన వంతెనలు, పొగలు కక్కే మట్టి కొండలు, బెండు ముక్కల గ్రహాలు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మైకు ఇవ్వగానే నాకు పూనకం వచ్చినట్టయింది. మా నాన్న కొట్టు చెప్పాను, సంత చెప్పాను, పలుపుల మాట చెప్పాను. హాలంతా నవ్వింది. ఎంత చెప్తే ఆ పిల్లకి అంత తక్కువ మిగులుతుందని నాకు తెలుసు. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది.

కుర్రాళ్ళు చేతులు కలిపారు. తువ్వాల కప్పాను, నా చెయ్యి లోపల పెట్టాను. ఉత్తరం వేళ్ళు, దక్షిణం వేళ్ళు, చెమటతో జారుతున్నాయి. అప్పుడు ఇంకో చెయ్యి వచ్చింది.

పక్కనే వరసలో నిలబడ్డ ఐదుగురిలో చివరన ఉన్న చున్నీ పిల్ల ఒక అడుగు ముందుకేసి, తువ్వాల అంచు కింద నుంచి చెయ్యి దూర్చింది. చూసేవాళ్ళకి అది కూడా నాటకంలో భాగమే అనిపించి ఉంటుంది. చిన్న చెయ్యి, చల్లగా ఉంది. కుర్రాళ్ళ చేతుల్ని దాటుకుని నా వేళ్ళ కోసం వెతికింది. దొరికాక తొందరేం పడలేదు. చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే మడిచింది. బొటనవేలు కూడా మడిచి, నా గుప్పిట మీద తన చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టుకుంది.

ఆ భాష నేర్పింది నేనే. సరుకు అమ్మకానికి లేదు.

నా ముఖంలోకే చూస్తోంది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు పెన్నులు పట్టుకుని ఉన్నారు. మా హెడ్మాస్టరు ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. దళారి ఏం పలికితే అదే ధర, పలికాక మారదు. ఆ ఒక్క నిమిషం ఆ హాల్లో బేరం కుదరలేదని చెప్పగలిగినదాన్ని నేనొక్కర్తినే.

చెయ్యి లాక్కున్నాను. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాను.

"మూడు," అన్నాను.

చప్పట్లు. ఇద్దరు వెళ్ళి కూచోవాలి. రెండో పిల్ల వెళ్ళింది. ఈ పిల్ల వెళ్ళలేదు, మైకు వైపు చూస్తూ నిలబడింది. గంట కొట్టారు. "టైమైపోయింది మేడమ్, చాలా బాగా చేశారు," అన్నారు న్యాయనిర్ణేతల్లో ఒకాయన. నేను దాని భుజం మీద చెయ్యేసి పక్కకి నడిపించాను. సంతలో గొడ్డుని తిప్పేటప్పుడు కూడా చెయ్యి అక్కడే వేస్తారు.

మొదటి బహుమతి మాకే వచ్చింది.

తిరుగు బస్సులో పిల్లలు బిరియానీ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల వచ్చి నా పక్క సీట్లో కూచుంది. చున్నీ నోట్లో పెట్టుకోలేదు.

"టీచర్, నా సెయ్యని మీకు తెలిసినాదా?"

తెలీలేదంటే సరిపోయేది. కుర్రాళ్ళ చెయ్యనుకున్నానంటే ఇంకా బాగుండేది. అబద్ధం ఆడలేకపోవడం నా గొప్ప కాదు, ఆ పూటకి నా దగ్గర సరుకు అయిపోయింది. "తెలిసింది," అన్నాను.

"గుప్పిట కట్టినాను."

"తెలుసు."

"మరి మూడని ఎందుకన్నారు?"

"చరిత్రలో అలాగే జరిగింది కదమ్మా. మనం మార్చకూడదు."

కిటికీ వైపు తిరిగింది. "అప్పుడోళ్లకి ఎవులి సెయ్యీ తగల్నేదేమో టీచర్. మీకు తగిలినాది," అంది.

కోపంగా అనలేదు. సందేహం అడిగినట్టే అంది. దానికి నా దగ్గర జవాబు ఉంటుందనుకుని ఇంకాసేపు చూసింది కూడా. నేను కండక్టరు దగ్గర టిక్కెట్లు సరిచూసుకుంటున్నట్టు బ్యాగు తెరిచాను. పైన తువ్వాలే ఉంది.

స్టాపులో వాళ్ళ నాయినమ్మ ఎదురొచ్చింది. "నా మనవరాలు సెప్పినాదా అమ్మా, ఆల తాత సంగతి? ఇంటికాడ మూడ్రోజుల్నుంచి గోడకి సెప్తన్నాది," అంది నాతో. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల, "టైము సాలనేదే నాయినమ్మా. పద," అని ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నన్ను కాపాడింది. నా పరువు నిలబెట్టడానికి అది నా దగ్గర ఏమీ అడగలేదు.

మొదటి బహుమతి వచ్చింది కాబట్టి రాష్ట్ర స్థాయికి వెళ్ళాలి. హెడ్మాస్టరు మిఠాయి పంచారు. నేను మళ్ళీ పంపు దగ్గరికెళ్ళాను. ఈసారి నేనే ధర పలికాను. "మొదట నువ్వే మాట్లాడు. ఎంతసేపైనా. తువ్వాల తరవాత," అన్నాను.

"నాను రాను టీచర్," అంది.

అంతకు ముందయితే దాన్ని మొదటి మాట అనుకునేదాన్ని. ఇది ఆఖరి మాటని తెలుస్తూనే ఉంది. కంచం కడగడం అయ్యేదాకా నిలబడ్డాను. కోట గురించీ బిరియానీ గురించీ ఏమీ అనలేదు. "సరేనమ్మా," అని వచ్చేశాను. వెనక నుంచి పిలుస్తుందేమోనని చెవి మాత్రం అటే ఉంది, పాత అలవాటు. పిలవలేదు.

హెడ్మాస్టరుకి ఈ అంశం చెయ్యనని చెప్పాను.

"ఒక పిల్ల రాకపోతే ఏమైందండీ. వెనక బెంచీలో ఇంకొకర్ని పెట్టండి. నిలబడడమే కదా," అన్నారాయన. ఆయన చెడ్డవారు కాదు. నా మాటే నాకు తిరిగిచ్చారు, అంతే.

"అది అమ్మకానికి లేదు సార్," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు ఒంట్లో బాగోలేదని పైకి రాసి పంపించారు. చెప్పాల్సిన చోట చెప్పలేని మాట, చెల్లని చోట చెప్పి వచ్చానని నాకు తెలుసు. అలాంటి వ్యాపారిని మా నాన్న ఏమనేవాడో కూడా తెలుసు.

ఈ ఏడాది కొత్త తొమ్మిదో తరగతికి మళ్ళీ ఆ పేజీ వచ్చింది. పోయిన ఏడాది పిల్లలు పదిలో ఉన్నారు. ఆ రోజు పదికి సైన్సు మాస్టారు సెలవు పెడితే, రెండు తరగతుల్నీ ఒకే గదిలో కూచోబెట్టారు. చున్నీ పిల్ల గోడ పక్కన కూచుంది. తువ్వాల తేలేదు. పుస్తకం పట్టుకుని, ఏటా పరిగెత్తే వాక్యం దగ్గర ఆగి నెమ్మదిగా చదివాను. సభ వాదించుకుంది. వర్తకులకి కోపమొస్తుందని భయపడి చట్టం చెయ్యలేదు. అయిపోయాక మళ్ళీ ఒకసారి చదివాను.

గోడ పక్కన చున్నీ నోట్లోంచి బయటికొచ్చింది.

"ఆ వర్తకులు ఏటి అమ్మేవోళ్లు టీచర్?"

"పంచదార, కాఫీ గింజలు, పొగాకు," అన్నాను. "మా కొట్టులో ఉండేవే," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తల ఊపి, తరవాత ఏమంటానా అని చూస్తోంది. నేను పుస్తకం మూసి బల్ల మీద పెట్టాను. కూచోవడానికి కుర్చీ ఉంది గానీ, పోయిన ఏడాది తువ్వాల కింద నాకు తగిలిన చెయ్యి సంగతి నిలబడే చెప్పాలనిపించింది.